పద్నాలుగు అడుగుల నీరు

ఆ రోజు నుంచి బోటు వివరాలన్నీ ఫోనులోని యాప్‌లోనే ఎక్కించాలని సూర్యకళగారు తీర్మానించారు. రాజమండ్రి రేవులో ఆవిడకున్నది ఒక్కటే టూరిస్టు బోటు. ఇరవై ఏళ్లుగా దాన్ని నడుపుతున్న అబ్బులు ఇన్నాళ్లూ నోటుబుక్కులో "అంతా బాగుంది" అని రాసి సంతకం పెట్టేవాడు. పదింటికి తణుకు నుంచి ముప్పైమంది టీచర్లు విహారానికి వస్తారు. ఈలోగా ఎంట్రీ పూర్తి కావాలి.

ఏడింటికి అబ్బులు బోటెక్కి ఫోనులో యాప్ తెరిచాడు. "బోటులో ఉన్నవారు" అని అడిగింది. టీచర్లింకా రాలేదు, తనను తాను లెక్కపెట్టుకోవడం మర్యాద కాదనుకుని సున్నా కొట్టాడు. తర్వాత "నీటి మట్టం" అంది. గడ దించి గోదావరి లోతు కొలిచి, పద్నాలుగు అడుగులని నింపాడు. పనైపోయిందన్న తృప్తితో ఇంజను స్టార్ట్ చేసి, దాని గదిలోకి తల దూర్చాడు.

నిజానికి యాప్ అడిగింది బోటు అడుగున చేరిన నీటి సంగతి. మరుక్షణమే సూర్యకళగారికి మెసేజ్ వెళ్లింది: "అత్యవసరం. నీరు పద్నాలుగు అడుగులు. బోటులో ఉన్నవారు సున్నా." బోటు ఎత్తే పదడుగులన్న విషయం ఆ కంగారులో ఆవిడకు తట్టలేదు. ఎన్నిసార్లు ఫోను చేసినా ఇంజను మోతలో అబ్బులుకు వినపడలేదు. అతని భార్య పాపాయికి చేశారు.

"మీ ఆయన ఇంట్లో ఉన్నాడా?"

"లేడండి. పొద్దున్నే బోటు కాడికెళ్లాడండి."

"అయ్యో పాపాయీ!" అని ఆవిడ ఫోను పెట్టేశారు.

పాపాయి ఏడుస్తూ రేవుకు పరుగెత్తింది. ఆ కేకలు విని జాలర్లు రెండు పడవలు విప్పారు. సూర్యకళగారు ఫోను చేస్తే మెకానిక్ రాజరత్నం నీళ్లు తోడే పంపును ఆటోలో వేసుకొచ్చాడు. తీరా చూస్తే బోటు తేలుతూనే ఉంది గానీ, ఇంజను గదిలోంచి రెండు కాళ్లు మాత్రం బయటకు కనిపించాయి.

"ఇరుక్కుపోయాడ్రా, లాగండి!"

బయటపడ్డ అబ్బులు, "ఏంటండీ ఇది?" అని అందరినీ తెల్లబోయి చూశాడు. పాపాయి అతని వీపు మీద రెండు దెబ్బలేసి, భుజం పట్టుకుని బావురుమంది.

అంతలో సూర్యకళగారు వచ్చారు. "పద్నాలుగు అడుగుల నీళ్లేవి అబ్బులూ?"

"ఇవేనండి" అని అతను గోదావరిని చూపించాడు.

రేవంతా నవ్వింది, రాజరత్నం తప్ప. "పంపు మోసుకొచ్చానండి. అసలు లోపల ఎంతుందో చూసే పోతాను" అంటూ అడుగు పలకలెత్తాడు. నవ్వులు ఆగిపోయాయి. కింద మోకాలి లోతు నీరుంది. నీటిలో తిరిగి బోటును నడిపే ఫ్యాను ఇరుసు పక్కన చెక్క విచ్చుకుంది.

"ముప్పైమందితో నడి గోదాట్లోకి వెళ్లుంటే..." అన్నాడు రాజరత్నం.

అబ్బులు చేతులు జోడించాడు. "నాదే తప్పండి. ఇన్నేళ్లూ పలకలెత్తకుండానే బాగుందని రాసేశాను."

"ఇవాళ తప్పుగా రాశావు కాబట్టే బతికాం" అన్నారు సూర్యకళగారు. పాపాయి చేతులు పట్టుకుని, "నువ్వు అరిచావు కాబట్టే ఇంతమంది వచ్చారమ్మా" అని కళ్లు తుడుచుకున్నారు. జాలర్లందరికీ వేడివేడి పెసరట్లు తెప్పించారు. టీచర్లు వచ్చి, సంగతంతా విని, ఒక్కొక్కరే పాపాయికి దండం పెట్టి వెళ్లారు. విహారం వచ్చే ఆదివారానికి మారింది.

డ్వాక్రా సంఘం రిజిస్టర్లు రాసే పాపాయికే సూర్యకళగారు బోటు ఎంట్రీల ఉద్యోగం ఇచ్చారు.

"పలకలెత్తి చూశావా?" అని ఆదివారం పొద్దున్నే పాపాయి మొగుణ్ణి అడిగింది.

"చూశానే."

"ఫొటో ఏదీ?"

అబ్బులు మాట మీద ఆ బోటు కదలడం అంతటితో ఆగిపోయింది.