వకీలుగారి సొంత వాక్యాలు

ఆ ఉదయం వకీలుగారి కార్యక్రమం చాలా సులువైంది. గడ్డం గీసుకోవడం, ఇస్త్రీ చొక్కా తొడుక్కోవడం, పదకొండింటికి న్యాయవాదుల సంఘం హాల్లో "డిజిటల్ యుగంలో నకలు అంటే ఏమిటి?" అని గంటసేపు ఉపన్యసించడం. ఒక చెంప పూర్తయ్యేసరికి ఫోన్ టింగుమంది. కుటుంబం గ్రూపులో బావమరిది ఒక వ్యాసం పెట్టాడు. చూస్తే అది వకీలుగారి ఉపన్యాసమే, పొల్లుపోకుండా! అడుగున రచయిత పేరుండాల్సిన చోట "సేకరణ" అని ఉంది.

ముఖాన నురగతోనే ఫోన్ చేశారు.

"ఎక్కడ కొట్టేశావయ్యా దీన్ని?"

"నేను కొట్టేయడమేంటి బావా! మీ అపార్ట్‌మెంట్ సెక్రటరీ పంపాడు. బాగుందని గ్రూపులో పెట్టా."

వకీలుగారు తువ్వాలు భుజాన వేసుకుని కింది అంతస్తుకు దిగారు.

"నేనేం కాపీ కొట్టలేదండీ, ఊరికే ఫార్వర్డ్ చేశా," అన్నాడు సెక్రటరీ.

"ఫార్వర్డ్ చేసినా నకలే! అవతలివాళ్ళ ఫోన్లో ఇంకోటి పుట్టిందా లేదా? మీమీద కేసు వెయ్యొచ్చు, తెలుసా?"

సెక్రటరీకి చెమటలు పట్టాయి. తప్పు దిద్దుకుందామని, తానున్న పదకొండు గ్రూపుల్లోనూ "ఈ కింది వ్యాసాన్ని ఎవరూ పంపవద్దు" అని హెచ్చరిక పెట్టాడు. ఏ వ్యాసమో తెలియాలి కదా అని మొత్తం వ్యాసాన్ని కింద జతచేశాడు.

రెండో చెంప అయ్యేలోగా సంఘం అధ్యక్షుడి ఫోన్ వచ్చింది.

"మీ విషయం మీదే ఎవరిదో మంచి వ్యాసం తిరుగుతోందండీ. మనవాళ్ళంతా చదివేశారు. మీరు అంతకన్నా కొత్తగా చెప్పాలి మరి!"

వకీలుగారు గీసుకోవడం ఆపి లోపలి గదిలోకి పరుగెత్తారు. లా కాలేజీలో పాఠాలు చెప్పే భార్య పరీక్ష పేపర్లు దిద్దుతోంది.

"నా ఉపన్యాసం ఇంట్లోంచి ఎలా బయటపడిందే?"

"మీది కాదు, నాది," అందామె ఎర్ర పెన్ను ఆపకుండా. "నా పాత నోట్సు. మొన్న పిల్లలకిచ్చా, సెక్రటరీగారమ్మాయి నా క్లాసే. చదువుకునే రోజుల్లో ఒక్క పూట ఇవ్వమని తీసుకెళ్ళి జిరాక్స్ తీయించుకుందెవరు?"

ఆయనకు గుర్తొచ్చింది. ఇరవై ఏళ్ళుగా ఆ కాగితాలు చదివీ చదివీ తన బుర్రలోంచే పుట్టాయనుకున్నారు.

"పోనీ, భార్యాభర్తల మధ్య కాపీ ఏమిటే..."

"ఏ సెక్షన్ కింద?"

వకీలుగారు ఉపన్యాసం కాగితాలు తీసుకొచ్చి ఆమె ముందు పెట్టేశారు.

పదకొండింటికి కాగితాలు లేకుండానే మైకు ముందు నిలబడ్డారు. ముందు సెక్రటరీకి, తర్వాత బావమరిదికి, చివరగా భార్యకు క్షమాపణ చెప్పి, తాను దొంగనని తెలియక దొంగను వెతికిన వైనం వివరించారు. హాలు పగలబడి నవ్వింది, ఆపకుండా చప్పట్లు కొట్టింది.

ఆయన జన్మలో సొంతంగా చేసిన ఉపన్యాసం అదొక్కటే. దాన్ని మాత్రం ఎవరూ ఫార్వర్డ్ చేయలేదు.