తన్విక చెవిలో నీళ్ల ట్యాంకు

జలుబు పట్టిన నాలుగో రోజున మున్సిపాలిటీ వాళ్లు ఏడాదిన్నర వయసున్న తన్విక కుడి చెవిలో, కర్ణభేరి వెనకాల, నీళ్ల ట్యాంకు కట్టేశారు. వీధిలో జాగా దొరకలేదట. చంటిపిల్లలకి ముక్కు నుంచి చెవికి పోయే గొట్టం పొట్టిగా, అడ్డంగా ఉంటుంది కాబట్టి పైపు వేయడం తేలికని ఇంజినీరు భాస్కరం గారు వివరించారు. "జహ్ను మహర్షి చెవిలోంచి గంగంతటిదే వచ్చింది, ఇదెంతమ్మా!" అని పిల్ల తల్లి నాగసుధకి ధైర్యం కూడా చెప్పారు.

ట్యాంకు నిండేకొద్దీ పిల్ల చెవి పీక్కుంటూ గుక్కపట్టి ఏడ్చింది. పడుకోబెడితే చాలు, కెవ్వుమనేది. ఒళ్లు కాలిపోతోంది. నాగసుధ అత్తగారు మాణిక్యమ్మ "దిష్టే" అని ఉప్పు తిప్పేసి, వెల్లుల్లి వేసి కాచిన నూనె చెవిలో పోసింది. గోరుచుట్టు మీద రోకటిపోటు! భాస్కరం గారు వచ్చి, నూనెకి తమ మనుషులు ట్యాంకు మీద కాలు నిలపలేకపోతున్నారని కోప్పడి వెళ్లారు.

పిల్లల డాక్టరమ్మ చెవిలోకి లైటు వేసి చూసింది. ఏమాత్రం ఆశ్చర్యపోలేదు. "నిండుగా ఉంది, ఎర్రగా ఉబ్బింది. ఈ మందు మధ్యలో ఆపకు. నూనె పోయొద్దు. మందు అయ్యాక పిల్లని మళ్లీ తీసుకురా. నొప్పి పోయినా నీళ్లు ఉండిపోవచ్చు, వినికిడి చూడాలి."

రెండు రోజులకే జ్వరం దిగి పిల్ల నవ్వింది. "నవ్వే పిల్లకి మందెందుకే, వేడి చేస్తుంది" అని మాణిక్యమ్మ సీసా అటకెక్కించింది. ఏడుపు లేదు గనక మళ్లీ ఆసుపత్రికీ వెళ్లలేదు.

కొన్నాళ్లకి నాగసుధ వెనకనుంచి "తన్వీ!" అంటే పిల్ల తిరగలేదు. ఇంకోసారి పిలిచింది. అయినా తిరగలేదు. పిల్లని చంకనేసుకుని మున్సిపాలిటీకి పరుగెత్తింది. భాస్కరం గారు నిమ్మకు నీరెత్తినట్టు కూర్చుని ఉన్నారు.

"ఏడుస్తోందా?"

"లేదండీ."

"జ్వరం?"

"లేదు. పిలిస్తే పలకట్లేదండీ."

"ఏడుపూ లేదు, జ్వరమూ లేదు. మరి ఫిర్యాదేంటమ్మా?"

డాక్టరమ్మ దగ్గరికి వెళ్దామంటే, ఏడవని పిల్లని ఆసుపత్రికి మోసుకెళ్తే నలుగురూ నవ్వుతారంది మాణిక్యమ్మ. అదీ నిజమేననిపించింది నాగసుధకి.

ఎంత బుద్ధిమంతురాలో, అల్లరే లేదని ఇరుగుపొరుగు మెచ్చుకుంటున్నారు. ఇంట్లో అందరూ కాస్త గట్టిగా మాట్లాడటం అలవాటు చేసుకున్నారు. రెండేళ్లు నిండినా తన్వికకి మాటలు రాలేదు. వాళ్ల నాన్నకీ ఆలస్యంగానే వచ్చాయని మాణిక్యమ్మ అంటోంది. నాగసుధ కూడా ఇప్పుడు అదే నమ్ముతోంది.