అమ్మమ్మకు పేజీ నంబరు లేదు

మానవజాతి సంపాదించిన జ్ఞానమంతా ఎడమవైపు ఒకటిన్నర అంగుళం ఖాళీ వదిలాకే మొదలవుతుంది. ఒకటింపావు వదిలితే దాన్ని అజ్ఞానం అంటారు. ఈ సత్యం నాకు యూనివర్సిటీవారి ఆకృతి పరిశీలన విభాగంలో బోధపడింది. జోలపాటల మీద ఏడేళ్ళు పరిశోధించి థీసిస్ పట్టుకెళ్తే, అక్కడి అధికారి దాన్ని స్టీలు స్కేలుతో కొలిచారు. (చదవడం వేరే విభాగం పని. ఆ పోస్టు ఖాళీగా ఉంది.) ఆయన్ని అందరూ స్కేలు మాస్టారంటారు.

ఐదుసార్లు తిప్పి పంపారు. ఒకసారి పుస్తకం పేరు వాలు అక్షరాల్లో లేదని, ఇంకోసారి మరీ వాలిందని. ఆరోసారి వెళ్ళేసరికి శుక్రవారం, మధ్యాహ్నం రెండు. ఐదు దాటితే నా రిజిస్ట్రేషన్ రద్దు. ఏడేళ్ళూ బూడిదలో పోసిన పన్నీరే.

"రెండువందల పద్నాలుగో ఫుట్‌నోటు. 'అమ్మమ్మ, ఉల్లిపాయలు తరుగుతూ' అని రాశావేంటమ్మా? ప్రచురణకర్త ఎవరు? పేజీ నంబరేది?"

"ఆవిడ మనిషండీ."

"అది ఆవిడ ఇబ్బంది. అచ్చుకాని మనిషి ఆధారం కాదు. పదిహేడో నిబంధన."

ఒళ్ళు మండిపోయింది. అయినా గంటలో ఆధారాన్ని వెంటబెట్టుకొచ్చాను. చంకలో నా పాప. మాస్టారు అమ్మమ్మను ముందూ వెనకా పరీక్షగా చూశారు. పేజీ నంబరు కనిపించలేదు.

"ఈ పాట మీకెవరు చెప్పారమ్మా?"

"మా అత్తగారు."

"ఆవిడకి?"

"వాళ్ళత్తగారు. పాట నాది, పిల్ల మాది, మధ్యలో నీకేంటి నాయనా నొప్పి?"

'ఉపయుక్త గ్రంథాలు: లేవు' అని ఆయన రాసుకున్నారు.

అమ్మమ్మ ఆయన రాసుకున్నదాంట్లోకి తొంగిచూసి, "అచ్చయితే చాలా? ఎవరేసినా పరవాలేదా?" అంది.

"అచ్చయితే చాలు."

మెట్లు దిగితే జెరాక్స్ షాపు. అమ్మమ్మ పాడింది, షాపతను టైపు కొట్టాడు. పాటకు నాలుగు చరణాలు. మొదటిదాంట్లో పిల్లి నిద్రపోతుంది, రెండోదాంట్లో గాలి, మూడోదాంట్లో పక్కింటివాళ్ళు, నాలుగోదాంట్లో పాప. ఆ నాలుగో చరణమే నా థీసిస్‌కు ప్రాణం. దానిమీద డెబ్భై పేజీల అధ్యాయం రాశాను. 'రచన: అమ్మమ్మ. ప్రచురణ: కింద జెరాక్స్ షాపు. మొదటి ముద్రణ' అని కాగితం చేతికొచ్చేసరికి నాలుగూ నలభై. పరుగెత్తుకుంటూ పైకొచ్చాం.

మాస్టారు కాగితాన్ని కొలిచి మురిసిపోయారు. "మార్జిన్లు భేష్!"

అప్పుడు చూశాను. మూడే చరణాలున్నాయి. నాలుగు వైపులా నిబంధన ప్రకారం ఖాళీ వదిలేసరికి పాపకు చోటు చాల్లేదట. రెండో కాగితం వేస్తే పిన్ను కొట్టాలి, పిన్నులు అయిపోయాయి. ఇదంతా షాపతను అడుగున చిన్నక్షరాల్లో ముద్రించాడు కూడా.

మాస్టారు థీసిస్ తిరగేశారు. "మూలంలో లేని చరణం మీద డెబ్భై పేజీలా? ఇది కల్పన. తీసెయ్."

"ఉంది నాయనా, పాడతాను విను," అని అమ్మమ్మ అక్కడే నాలుగో చరణం ఎత్తుకుంది. నా చంకలో పాప టక్కున నిద్రపోయింది. బంట్రోతు కూడా.

మాస్టారు జాలిగా తలూపారు. "ఏమ్మా, మీ పుస్తకం మీరే చదవలేదా?"

గడియారం నాలుగూ యాభై ఆరు. సిగ్గు విడిచి చెప్తున్నా, ఆ డెబ్భై పేజీలూ నేనే చింపాను. చింపిన అంచు తిన్నగా ఉండాలని ఆయన స్కేలు పట్టుకున్నారు. ముద్ర పడింది. (నూట పదో పేజీ తర్వాత నూట ఎనభై ఒకటి వస్తుంది. దానికి నిబంధన లేదు కనుక తప్పూ లేదు.)

పట్టా వచ్చింది. నేనిప్పుడు జోలపాటల్లో డాక్టర్ని.

నిన్న మధ్యాహ్నం పాప ఎంతకీ పడుకోలేదు. పాడమని అమ్మమ్మను బతిమాలాను. ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని, ఆ కాగితం తెచ్చుకుని, చూసి పాడింది. పిల్లి పడుకుంది, గాలి పడుకుంది, పక్కింటివాళ్ళు పడుకున్నారు. కాగితం మడిచేసింది. పాప కళ్ళు పెద్దవి చేసుకుని మా ఇద్దరినీ చూస్తోంది.

"నాలుగోది పాడవే అమ్మమ్మా," అన్నాను.

"ఎక్కడుందే అది? ఆధారం చూపించు, పాడతాను."