గవరమ్మ పెట్టిన వెల్డింగు పరీక్ష

ఆ ఉదయం దానయ్య పెళ్ళాం నెత్తిమీద చెయ్యి పెట్టి ప్రమాణం చేశాడు, సాయంత్రం దాకా ఎవరినీ ఆటపట్టించనని.

"సచ్చీ?" అంది గవరమ్మ, ఆ చెయ్యి తీసి పక్కన పెడుతూ.

"కసమ్! ఇయ్యాల వైజాగ్ నించి ఇన్‌స్పెక్టరు సారొస్తన్నాడు. నా అతుకు పాసయితే జెట్టీ డీజిలు పైపుల పని మనదే. ఫెయిలయితే ఆ పనికి చెన్నై పార్టీ ఓడ దిగిపోద్ది."

"పోయిన్నెల కరెంటాఫీసు సాహెబొచ్చినట్టేనా?"

దానయ్యకు పొలమారింది. ఆ సాహెబు, దానయ్యే ఖాకీ చొక్కా తొడిగి తెచ్చిన వలలల్లే కన్నబాబు. గవరమ్మ పాపం భయపడి పీతల పులుసు వండి పెట్టింది. పెట్టుడు మీసం ఊడి పులుసులో పడేదాకా ఆమెకు సంగతి తెలియలేదు.

ఈ దీవిలో, హాడో రేవు పక్కన దానయ్య వెల్డింగు షెడ్డు పెట్టి ఇరవై ఏళ్లు. చదువు ఐదో క్లాసులో ఆగింది గానీ చెయ్యి ఎక్కడా ఆగలేదు. పడవల సైలెన్సరు గొట్టాలైనా, మేడమెట్ల రెయిలింగులైనా, అతుకు ఊడిందని ఒక్కడూ తిరిగి రాలేదు. లేనిదల్లా కాగితం. డీజిలు పారే పైపును కాగితమున్న చేతులే ముట్టుకోవాలట.

పది గంటలకు ఇన్‌స్పెక్టరు ధనరాజు వచ్చాడు. రెండు పైపు ముక్కలను ఎదురెదురుగా, ఏటవాలుగా బిగించాడు. "పైపు తిప్పకూడదు. నువ్వే చుట్టూ తిరగాలి" అన్నాడు. దానయ్య వంగి, పడుకుని, మెడ మెలిపెట్టి, పైపుకు ప్రదక్షిణాలు చేసి లేచేసరికి అతుకు చేప పొలుసుల్లా వరసగా మెరిసింది.

ధనరాజు దానిమీద ఎర్ర మందు చల్లాడు. కాసేపాగి గుడ్డతో తుడిచేశాడు. ఆపైన తెల్ల మందు చల్లాడు.

"పగులుంటే అందులో దాక్కున్న ఎరుపు తెలుపులోకి ఊరుతుంది. పది నిమిషాలు చూడాలి."

పది నిమిషాలంటే ఒక చాయ్. ఇద్దరూ పక్కనే ఉన్న మల్లేశు కొట్టుకు నడిచారు.

అప్పుడే గవరమ్మ అన్నం క్యారేజీతో షెడ్డులో అడుగుపెట్టింది. ఆ ఉప్పుగాలికి పొద్దున అతికిన ఇనుము మాపటికి తుప్పెక్కుతుంది. అందుకే ఆయన అతకడం, ఆవిడ వెంటనే రెడాక్సైడు ఎర్రరంగు పూయడం. పెళ్లయిన నాటినుంచీ వాళ్ల కాపురం అదే. పైపు చూసి ఆవిడ ముక్కున వేలేసుకుంది. పక్కన సారు బ్యాగు, దానిమీద ఎర్రటి గుడ్డ.

"ఓలమ్మో! ఎరుపేసి తుడిసేసినాడు, పైన సున్నం జల్లినాడు. ఈడేం ఇన్‌స్పెక్టరు?"

అనుమానం అక్కడే మొలిచింది. అయితే మనిషి దొంగవాడైనా ఇనుము ఇనుమే కదా! తెలుపంతా తుడిచి, రెడాక్సైడు దట్టంగా పూసేసి, డబ్బా పెట్టడానికి వెనక్కి వెళ్లింది.

తిరిగొచ్చిన ధనరాజు గుమ్మంలోనే నిలబడిపోయాడు.

"ఇదేంటయ్యా! అతుకులో పగులు కాదు, పగులులోనే అతుకుందే!" దగ్గరికొచ్చి ముట్టుకున్నాడు. వేలికి రంగంటింది. "ఓహో! పగులు దాచడానికి పెయింటేశావా?"

"ఒట్టు సార్, నేనెయ్యలేదు!"

ఖాళీ గ్లాసుల కోసం వెనకే వచ్చిన మల్లేశు నవ్వాడు. "ఈడి ఒట్లు నమ్మకండి సార్. జెట్టీ కాడ పెద్ద సాహెబు నా చాయ్ అడిగినాడని ఇరవై గ్లాసులు మోయించినాడు. అప్పుడూ ఒట్టేసినాడు."

ధనరాజు పెన్ను తీశాడు. ఇరవై ఏళ్లకు ఒక్క నిజం చెబితే కొనే నాథుడు లేడు.

"గవరమ్మా! నువ్వయినా సెప్పే!"

"నేనే ఏసినాను. ఏటిప్పుడు?" అంటూ ఆవిడ వచ్చి ధనరాజును ఎగాదిగా చూసింది. "ఎవరు పంపినారు భయ్యా నిన్ను? మీసం ఒకపాలి లాగి సూడనా?"

ధనరాజు రెండు చేతులతో మీసం కప్పుకున్నాడు. "అమ్మా, నేను నిజంగా ఇన్‌స్పెక్టర్ని!"

"ఎరుపేసి తుడిసినోడు ఇన్‌స్పెక్టరయితే నేను కలెక్టర్ని! బస్, నాటకం బంద్ సెయ్యండి. నీకూ నీ మీసానికీ పీతలు లేవు. ఈ పైపూ ఉత్తుత్తిదే, సూడండి!"

ఆపేలోపే పైపు ఊడదీసింది, దాగలి మీద పెట్టింది, సమ్మెట ఎత్తింది. దానయ్య కళ్లు మూసుకున్నాడు. నాలుగు దెబ్బలు. పైపు అప్పడమైపోయింది. రంగు పెచ్చులై లేచింది. అతుకు మాత్రం వెంట్రుకవాసి కూడా విడలేదు.

ధనరాజు మీసం వదిలి భూతద్దం తీశాడు. అటు తిప్పి చూశాడు, ఇటు తిప్పి చూశాడు. సగం రాసిన మాట కొట్టేశాడు.

"ఇలాంటి పరీక్ష మా రూల్సులో లేదు దానయ్యా. అందుకని ఇంకో జాయింటు చెయ్యి. చాయ్ ఇక్కడికే తెప్పిద్దాం. అమ్మా, ఆ బ్రష్షు కాస్త నా చేతికివ్వండి."

రెండో అతుకు మీద తెలుపు తెలుపుగానే ఉండిపోయింది. ఆ అతుకుకు అడ్డంగా కోసిన పట్టీలు, వంచి చూసే ప్రెస్సులో గుర్రపునాడాల్లా వంగాయి గానీ ఒక్కటీ నోరు తెరవలేదు. సాయంత్రానికి సర్టిఫికెట్ దానయ్య చేతికొచ్చింది. పరుగున ఇంటికెళ్లి పెళ్ళాం చేతిలో పెట్టాడు.

గవరమ్మ దాన్ని వెలుగులో పట్టి, సీలు మీద బొటనవేలితో రుద్ది చూసింది.

"అచ్చు బాగుంది. డెలానీపూర్‌లో ఏ కొట్లో కొట్టించినావు?"

జెట్టీ పైపుల్లో ఇప్పుడు డీజిలు పారుతోంది. ధనరాజు మీసం సంగతి మాత్రం గవరమ్మ ఇంకా పాసు చెయ్యలేదు.