నార్మన్ రాని శనివారాలు

ఆ శనివారం పొద్దున నార్మన్ బాటర్స్‌బీ వేసుకున్న పథకం చాలా చిన్నది. ఫ్లాస్కులో టీ పోసుకోవాలి, రెండు కప్పులు సంచిలో పెట్టుకోవాలి, మేవిస్ దిండు చంకన పెట్టుకుని రెండు వీధులు నడవాలి, స్టేడియంలో తన సీట్లో కూర్చోవాలి, ఆస్కర్‌బీ టౌన్ జట్టు ఓడిపోవడం చూసి ఇంటికి రావాలి. ఆ ఏడాది ఇందులో ఏదీ కష్టమైన పని కాదు. ఓడిపోవడం మరీ తేలిక.

మేవిస్ ఆయన భార్య. పోయి ఏడాదిన్నర అయింది. ఆమె సీటుకు టికెట్టు మాత్రం ఆయన కొంటూనే ఉన్నాడు. జట్టు రంగులు ఆకుపచ్చ, ఆవపిండి పసుపు. ఆ రెండు చారలతో ఆమె స్వయంగా కుట్టుకున్న దిండును ఆ సీటు మీద ఉంచి, పక్కన తాను కూర్చునేవాడు. ఎవరూ ఏమీ అనేవారు కాదు. రద్దీ రోజున కొత్తవాళ్ళెవరైనా ఆ సీటు వైపు ఆశగా చూస్తే, వెనక వరసలోని బ్రెండా, "అందులో మనిషుంది" అనేది.

ఆట మూడు గంటలకు. బయలుదేరే ముందు చేతులు కడుక్కుందామని నార్మన్ బాత్రూంలోకి వెళ్ళి తలుపు వేసుకున్నాడు. మళ్ళీ తీయబోతే పిడి ఊడి చేతిలోకి వచ్చింది. అవతలి పిడి అవతల ఠంగుమని పడింది. ఆయన చాలాసేపు కేకలు వేశాడు. వినడానికి ఎవరూ లేరు. ఆ వేళకు వీధి వీధంతా స్టేడియంలోనే ఉంది.

ఆయన స్నానాల తొట్టి అంచు మీద కూర్చున్నాడు. కాసేపటికి కిటికీలోంచి హోరు వినిపించింది. అదేమిటో ఆయనకు వెంటనే బోధపడలేదు. నవంబరు తర్వాత సొంత మైదానంలో ఆస్కర్‌బీ గోలు కొట్టి ఎరగదు. స్టేడియం పైకప్పు కూలిందేమో అనుకున్నాడు. రెండోసారి వినిపించాక అనుమానం వచ్చింది. మూడోసారికి లేచి నిలబడి, ఎవరూ చూడటం లేదు కదా అని తువ్వాలు గాలిలో ఊపాడు.

ఆట అయ్యాక బ్రెండా, కెన్ వచ్చారు. కెన్ బస్సు డ్రైవరు, నార్మన్‌కు చిన్ననాటి స్నేహితుడు. ఎన్నడూ ఖాళీగా ఉండని సీటు ఖాళీగా కనిపించేసరికి, జరగరానిది జరిగిందనే ఇద్దరూ అనుకున్నారు. కెన్ ముందుగానే టోపీ తీసేశాడు.

"కెన్! నువ్వేనా?" బాత్రూంలోంచి గొంతు వినిపించింది.

"ఏమోయ్, బతికే ఉన్నావా?"

"ఉన్నాను. తలుపు తెరుచుకోవడం లేదు."

"పాడు మనిషీ! పువ్వులు ఎక్కడ కొనాలా అని మాట్లాడుకుంటూ వచ్చాం నాయనా" అంది బ్రెండా. ఆమె గొంతులో ఏడుపు ఎంతో నవ్వు ఎంతో చెప్పడం కష్టం.

"ఎంత?" అన్నాడు నార్మన్.

"మూడు సున్నా."

"ఎవరికి?"

"మనకేనయ్యా!"

కెన్ భుజంతో నెట్టేసరికి తలుపు తెరుచుకుంది. ముగ్గురూ ఒకరి భుజాలు ఒకరు పట్టుకుని ఊపేసుకున్నారు. అప్పుడే కెన్ చూపు నేల మీద పడి ఉన్న పిడి మీద వాలింది. వాలి, అక్కడే కాసేపు ఉండిపోయింది.

తర్వాతి ఆటకు నార్మన్ వెళ్ళాడు. నాలుగు సున్నాతో ఓడిపోయారు. మర్నాడు కెన్, బ్రెండా ఆయన వంటింటికి వచ్చి, కూర్చోకుండా నిలబడ్డారు.

"ఒక మాట చెప్తాను, తప్పుగా అనుకోకు" అన్నాడు కెన్.

"అలా మొదలుపెట్టిన మంచి మాట నేనింతవరకూ వినలేదు."

"నువ్వు రాని రోజు మూడు కొట్టాం. వచ్చిన రోజు నాలుగు తిన్నాం."

"అందులో రెండు మన గోల్‌కీపరు కాళ్ళ మధ్య నుంచి పోయాయి. అతన్ని రావద్దని చెప్పు."

"అతనికి కాంట్రాక్టుంది." కెన్ దగ్గాడు. "ఊళ్ళో అనుకుంటున్నారు... నీది ఐరన్ లెగ్గని."

నార్మన్ తన కాళ్ళ వైపు చూసుకున్నాడు. ఆయన రిటైరైన పోస్ట్‌మాన్. "ఈ కాళ్ళతోనే నలభై ఏళ్ళు ఈ ఊరికి ఉత్తరాలు మోశాను. అప్పుడెవరూ అనలేదే! జట్టు రెండుసార్లు పై తరగతికి ఎక్కడం కూడా ఈ కాళ్ళతో వెళ్ళే చూశాను."

"అప్పుడు పక్కన మేవిస్ ఉందిగా" అన్నాడు కెన్. అనేసి నాలుక కరుచుకున్నాడు.

నార్మన్ లేచి, ఇంకా కాగని నీళ్ళ కింద స్టవ్ కట్టేశాడు. ఓటమి ఆయనకు కొత్త కాదు. ఊరి మాటా కొత్త కాదు. కాని మేవిస్ సమాధి దగ్గరికి వెళ్తే నిలబడాలి. ఆమె పక్కన కూర్చునే చోటు ఆయనకు లోకంలో అదొక్కటే మిగిలింది.

ఊరికీ ఒక బాధ ఉంది. పరీక్ష తప్పిన పిల్లవాణ్ణి బడిలో అదే తరగతిలో ఉంచుతారు. ఫుట్‌బాల్‌లో అంత దయ లేదు. పట్టికలో అడుగున మిగిలిన మూడు జట్లనూ కింది తరగతికి తోసేస్తారు. ఆస్కర్‌బీ అడుగునుంచి మూడో స్థానంలో ఉంది. మిల్లు పోయాక, రైలు ఆగడం మానేశాక, ఆ ఊరి పేరు బయటివాళ్ళకు వినిపించేది శనివారం సాయంత్రం రేడియోలో ఫలితాలు చదివేటప్పుడే.

"దిండు నాకివ్వు నాయనా" అంది బ్రెండా మెల్లగా. "ఆమె సీట్లో నేను పెడతాను. కార్నర్ కిక్ వచ్చినప్పుడల్లా మేవిస్ వరసంతా పిప్పరమెంట్లు పంచేది చూడు, అవీ నేనే పంచుతాను. ఒక్క ఆట. చూద్దాం."

నార్మన్ దిండు ఇచ్చాడు. ఆస్కర్‌బీ గెలిచింది.

ఆ తర్వాత వ్యవహారం నార్మన్ చేతుల్లోంచి ఊరి చేతుల్లోకి పోయింది. ఒక శనివారం ఉండబట్టలేక ఆయన మఫ్లరు ముఖానికి చుట్టుకుని బయలుదేరాడు. వీధి మలుపులో కానిస్టేబులు ఎదురై సెల్యూట్ కొట్టాడు. "నార్మన్ గారూ, మనవాళ్ళు ఒక గోలు ముందున్నారు. నా మాట మన్నించండి" అంటూ మర్యాదగా ఆయన్ని బార్బరు షాపులో కూర్చోబెట్టాడు. బార్బరు సగం గడ్డం గీశాడు. ఆట అయిపోయేదాకా మిగతా సగం జోలికి పోలేదు. ఆ సబ్బు నురగతోనే నార్మన్ గెలుపు వార్త విన్నాడు.

అప్పటినుంచి కాపలా మొదలైంది. ప్రతి శనివారం ఎవరో ఒకరు ఆయన వంటింట్లో వచ్చి కూర్చునేవారు. మాంసం కొట్టు యజమాని భార్య వేడివేడి మాంసం కూరిన రొట్టె తెచ్చేది. చర్చి ఫాదరు చెక్కర్స్ ఆట పలక తెచ్చి, ఆడి ఓడిపోయి, చర్చిలో వాడని మాటలు వాడి వెళ్ళేవాడు. అంత్యక్రియల రోజు తర్వాత ఆ వంటింట్లో రెండో కుర్చీ జరిగిన చప్పుడు మళ్ళీ అప్పుడే వినిపించింది. కాపలాకు వచ్చినవాళ్ళను నార్మన్ చుట్టాల్లా చూసుకున్నాడు. కొన్నాళ్ళకు వాళ్ళూ కాపలా సంగతి మరిచిపోయి, మంగళవారాలు కూడా రాసాగారు.

అలా సీజను చివరి రోజు వచ్చింది. ఆస్కర్‌బీ ప్రమాదం నుంచి ఒకే ఒక్క మెట్టు పైన ఉంది. కింది మెట్టు మీద, ఒక్క పాయింటు తేడాతో, కెల్బర్న్ ఉంది. రెండు జట్లకూ ఒకే సమయానికి వేర్వేరు ఊళ్ళలో ఆట. ఆస్కర్‌బీ ఓడితే కెల్బర్న్ కూడా ఓడాలి; వాళ్ళు డ్రా చేసినా పాయింట్లు సమానమై, గోల్స్ లెక్కలో వాళ్ళే పైకి పోతారు, మనకు మునక తప్పదు.

"ఇవాళ మన మీదికి వస్తున్నది పట్టికలో మొదటి జట్టు" అన్నాడు కెన్ కారు తాళాలు తిప్పుతూ. "నువ్వింట్లో కూర్చుంటే చాలదు. నువ్వు రాకపోవడానికీ ఒక హద్దుంటుంది."

"అయితే?"

"కెల్బర్న్ పోదాం పద. ఆ కాలు ఒక్కసారి అక్కడ పెట్టు."

"నీ ఆట పోతుంది కదా?"

"పోనీ" అన్నాడు కెన్. చెప్పినంత తేలిగ్గా ఏమీ లేదు అతని ముఖం.

బయలుదేరే ముందు బ్రెండా దిండు తెచ్చి ఇచ్చింది. "దూరం వెళ్తున్నావు. ఆమెను కూడా తీసుకెళ్ళు." నార్మన్ దాన్ని కోటు కింద దాచుకున్నాడు. దాంతో ఆయన ఆరో నెల గర్భిణిలా కనిపించాడు.

కెల్బర్న్‌లో వాళ్ళకు గోలు వెనకే సీట్లు దొరికాయి. నార్మన్ పక్కన డెస్మండ్ అనే భారీ మనిషి, నీలం మఫ్లరు అంచు కొరుకుతూ కూర్చున్నాడు. కెన్ చెవిలో రేడియో. ఆస్కర్‌బీ మొదట ఒకటి తింది, తర్వాత రెండు, తర్వాత కెన్ చెప్పడం మానేశాడు. ఇక్కడ మాత్రం ఇంకా సున్నా సున్నా. కెల్బర్న్‌కు అదే చాలు.

ఆట ముగియబోతుండగా కెల్బర్న్ కొట్టిన బంతి అవతలి గోలు స్తంభానికి తగిలింది. అందరూ ఒక్కసారి లేచారు. నార్మన్ కూడా లేచాడు. దిండు జారి డెస్మండ్ బూట్ల మీద పడింది.

"పెద్దాయనా, ఇది ఆస్కర్‌బీ రంగు కదూ?"

కెన్ ఆకాశంలోకి చూశాడు.

"అవును బాబూ" అన్నాడు నార్మన్.

"మీ జట్టు అక్కడ ఆడుతుంటే మీకిక్కడేం పని?"

నార్మన్‌కు అబద్ధం చేతకాదు. "నేనక్కడుంటే మావాళ్ళు ఓడిపోతున్నారు. ఇక్కడుంటే మీరు ఓడిపోతారని మా ఊరు పంపింది."

డెస్మండ్ ఆయన్ని తలనుంచి కాళ్ళదాకా చూశాడు. తర్వాత ఆ పెద్ద పొట్ట అడుగునుంచి నవ్వు మొదలైంది. "ఒరేయ్, విన్నార్రా! ఆస్కర్‌బీవాళ్ళు మన మీదికి ఐరన్ లెగ్గును పంపారట!"

మాట వరస నుంచి వరసకు పాకింది. ఆటంతా గోళ్ళు కొరుక్కున్న జనానికి నవ్వడానికి ఏదో ఒకటి కావలసి వచ్చింది. "ఏదీ, ఆ కాలు చూపించండి!" అని ఎవరో అరిచారు. మర్యాదస్తుడైన నార్మన్ కుడికాలు పైకెత్తి చూపించాడు. గ్యాలరీ మొత్తం గొల్లుమంది.

ఆ సీజనంతా తన వెనక ఏడుపులే విన్న కెల్బర్న్ గోల్‌కీపరు, ఈ వింత చప్పుడేమిటా అని వెనక్కి తిరిగి చూశాడు. సరిగ్గా అప్పుడే మైదానం అవతలి కొసనుంచి ఎదుటి జట్టువాడెవడో బంతిని గుడ్డిగా తన్నాడు. అది ఒక్కసారి నేలకు తగిలి, అతని తల మీదుగా ఎగిరి, ఏమీ తొందర లేనట్టు గోలులోకి దొర్లింది.

నవ్వు నిప్పు మీద నీళ్ళు పోసినట్టు చప్పున ఆగిపోయింది. నార్మన్ కాలు ఇంకా గాలిలోనే ఉంది. ఆయన దాన్ని నెమ్మదిగా దించాడు.

ఈల మోగింది. "మనం ఐదు సున్నాతో ఓడాం" అని గుసగుసలాడాడు కెన్. కళ్ళమ్మట నీళ్ళు కారుతున్నాయి. "ఓడాం గాని మిగిలాం. పద, పద, వీళ్ళు తేరుకునేలోపల!"

నార్మన్ లేవలేదు. డెస్మండ్ మఫ్లరులో ముఖం దాచుకుని కూర్చున్నాడు. నార్మన్ సంచి తెరిచి రెండో కప్పు బయటికి తీశాడు. మేవిస్ పోయినప్పటినుంచి ఆ కప్పు ఆయన వెళ్ళిన ప్రతి ఆటకూ వెళ్ళి, పొడిగానే తిరిగి వచ్చింది. అందులో టీ పోసి ఇచ్చాడు.

"తాగు బాబూ. చక్కెర ఎక్కువే వేశాను. ఓడిన రోజు అలాగే తాగాలని మా ఆవిడ అనేది."

డెస్మండ్ తాగాడు. "ఆవిడ రాలేదా?"

నార్మన్ దిండు మీద చెయ్యి వేశాడు. "వచ్చింది."

డెస్మండ్ కప్పును తన మఫ్లరుతో శుభ్రంగా తుడిచి ఇచ్చాడు. "మీరు చాలా మంచివారు పెద్దాయనా. ఇంకెప్పుడూ మా ఊరు రాకండి."

ఆస్కర్‌బీలో కారు ఆగేసరికి వీధంతా బయటే ఉంది. "నువ్వు లేకుండానే ఐదు తిన్నాం. ఇక నీ కాలు నిర్దోషి. నీ సీటు నీదే నాయనా" అని బ్రెండా తీర్పు చెప్పింది. ఏదైనా మాట్లాడమన్నారు. నార్మన్ ఆ ముఖాల వైపు చూశాడు: బార్బరు, కానిస్టేబులు, ఫాదరు, మాంసం కొట్టావిడ. ఊడిపోయిన ఒక తలుపు పిడికి ఎలా కృతజ్ఞత చెప్పాలో ఆయనకు తెలియలేదు.

"టీకి వస్తూ ఉండండి" అన్నాడు చివరికి. "నన్ను ఆపడానికే రానక్కర్లేదు."

ఆగస్టులో కొత్త సీజను మొదలైంది. నార్మన్ తన సీట్లో కూర్చున్నాడు. పక్కన దిండు, సంచిలో రెండు కప్పులు. మొదటి కార్నర్‌కు బ్రెండా పిప్పరమెంట్లు పంచింది. ఆస్కర్‌బీ మూడు సున్నాతో ఓడిపోయింది. వరసంతా పిప్పరమెంట్లు చప్పరిస్తూ మైదానం వైపే చూసింది.

మెట్లు దిగేటప్పుడు కెన్ ఆయన భుజం మీద చెయ్యి వేసి, "అన్నట్టు, ఆ బాత్రూం తలుపు పిడి బాగు చేయించావా?" అని అడిగాడు.