ఐసు పెట్టాలన్నారు

ఆ పొద్దున్న మంగాదేవి వేసుకున్న పథకం చాలా చిన్నది. పన్ను చూపించుకొస్తానని మొగుడు పెద్దింటయ్యకీ అత్తగారికీ చెప్పి, అతను మేత వేయడానికి చేపల చెరువు మీదికి వెళ్ళగానే మండవల్లిలో బస్సెక్కి, ఏలూరులో పని ముగించుకుని, భోజనాల వేళకి ఇంటికి చేరాలి.

పని పంటిది కాదు. ఎడమ రొమ్ములో రేగిపండంత గడ్డ ఒకటి చేతికి తగిలింది. క్రితం వారం ఏలూరు డాక్టరమ్మ స్కానింగు తీసి, "బయాప్సీ చేద్దామమ్మా. సూదితో చిన్న ముక్క తీసి పరీక్షకు పంపితే అదేమిటో తేలిపోతుంది" అంది. ఇంట్లో చెబుదామా అనుకుంది మంగాదేవి. కానీ ఆ ఇంట్లో మాట ఉన్నంతలో ఉండదు, ఊరుతుంది. పోయినేడు పెద్దింటయ్య వేలికి చేప ముల్లు గుచ్చుకుంటే, సాయంత్రానికల్లా పక్క ఊళ్ళో చెయ్యి తీసేశారని చెప్పుకున్నారు. అందుకే, తేలాక చెప్పొచ్చులే అనుకుంది.

అంతా అనుకున్నట్టే జరిగింది, ఫోను ఛార్జింగుకు పెట్టి మరిచిపోవడం తప్ప.

బస్సు కొల్లేరు దాటుతుండగా ఇంట్లో ఫోను మోగింది. అత్తగారు పైడమ్మ తీసింది. పైడమ్మకు ఒక చెవి పనిచేయదు. ఫోను ఎప్పుడూ ఆ చెవికే పెట్టుకుంటుంది.

"మంగాదేవిగారేనాండీ? ఆసుపత్రి నుంచి నర్సు ఏంజెల్‌నండి."

"ఆఁ, చెప్పమ్మా."

"రక్తం పల్చబడే మాత్రలేమైనా వాడుతుంటే ముందే చెప్పాలండి. మీ అంతట మీరు ఆపెయ్యకండి. చంకల్లో పౌడరు రాసుకోవద్దు. చిన్న ముక్క తీస్తారు, అంతే. తర్వాత కాసేపు ఐసు పెట్టాలి. ఇంట్లోవాళ్ళెవరైనా తోడొస్తే మంచిదండి."

ఇందులో పైడమ్మకు చేరినవి నాలుగు ముక్కలు. రక్తం పల్చబడింది, కోసి తీస్తారు, ఐసు పెట్టాలి, ఇంట్లోవాళ్ళు రావాలి. కొల్లేటి ఊళ్ళలో ఐసు పెట్టేది రెండింటికే: లారీ ఎక్కాల్సిన చేపలకీ, పోయాక దూరపు చుట్టాల కోసం ఆపి ఉంచిన మనిషికీ.

ఆవిడ వీధిలోకొచ్చి వేసిన కేక చెరువు గట్టుదాకా వినబడింది. "ఒరేయ్ పెద్దింటయ్యా! మంగకి ఐసు పెట్టాలంటరా!"

"పన్ను పీకితే ఐసెందుకే అమ్మా?"

"పన్ను కాదురా! రక్తం పల్చబడిపోయిందంట! ఆసుపత్రోళ్ళు మనల్ని రమ్మంటున్నారు!"

పెద్దింటయ్య భుజమ్మీది మేత బస్తా చెరువులో పడింది. ఆ మూలనున్న చేపలు ఆరోజు పండగ చేసుకున్నాయి.

పెద్దింటయ్య తమ్ముడు ప్రేమ్‌కుమార్ ఫోనులో పడిన ఆసుపత్రి పేరు చూసి, చేపల వ్యాను తీశాడు. "పల్చబడిందంటే చిక్కటి రక్తం కావాలిగా" అని, కాస్త కండ ఉన్న కుర్రాళ్ళను నలుగురిని ఎక్కించాడు. అతని భార్య వీరదుర్గ ఏడుస్తూనే, "ఐసు పెట్టాలన్నారు, అక్కడ దొరుకుద్దో లేదో" అని రెండు థర్మాకోలు పెట్టెల నిండా ఐసు నింపించింది. దారిలో ఎవరో అడిగితే ఎవరో చెప్పారు. ఏలూరు చేరేసరికి వ్యాను వెనక రెండు ఆటోలు కూడా ఉన్నాయి.

అప్పటికి మంగాదేవి ఆసుపత్రిలో స్కానింగు మిషను పక్కన బల్ల మీద పడుకుని ఉంది. భయం ఎప్పుడు పోయిందో ఆమెకే తెలియదు. ఆ స్థానంలో ప్రశ్నలొచ్చి కూర్చున్నాయి.

"బయాప్సీ అన్నారంటే కేన్సరున్నట్టేనాండీ?"

"కాదమ్మా. ఉందో లేదో తేల్చుకోడానికే ఇది. చాలామందిలో మామూలు గడ్డే అని వస్తుంది."

"సూది గుచ్చితే ఒళ్ళంతా పాకిపోద్దంటారు కదండీ?"

"ఆ భయంతో రాకుండా కూర్చుంటే పాకుతుందమ్మా."

మత్తు సూది చీమ కుట్టినట్టు చురుక్కుమంది. తర్వాత అక్కడ ఎవరో నొక్కుతున్నట్టు తప్ప ఏమీ తెలియలేదు. కాగితాలు కుట్టే స్టేప్లరు లాగా 'టప్'మని శబ్దం వస్తుందని డాక్టరమ్మ ముందే చెప్పింది కాబట్టి ఉలిక్కిపడలేదు. తల తిప్పి తెర మీద సూదిని చూసింది.

"ఏదండీ, ఆ ముక్క నాకోసారి చూపించండి."

సీసాలో సేమ్యా పుల్లంత తెల్లటి పోగు తేలుతోంది. "ఇంతేనా!" అంది మంగాదేవి, కాస్త అవమానపడినట్టు. అలాంటివి ఇంకొన్ని తీశారు. కోత లేదు, కుట్లు లేవు. ఏంజెల్ కాసేపు గట్టిగా అదిమిపట్టి, చిన్న పట్టీ వేసింది. "ఒకటి రెండు రోజులు బరువులెత్తకండి. కాస్త కమిలితే కంగారుపడకండి. ఉండండి, ఐసు తెస్తాను" అని తలుపు తీసింది.

ఎదురుగా వీరదుర్గ, చేపల వాసన కొడుతున్న పెట్టెతో. "ఐసండీ!" అని భోరుమంది.

వెనక నలుగురు కుర్రాళ్ళు చొక్కా చేతులు మడిచి, "ముందు ఎవరిది తీస్తారండీ?" అన్నారు. వాళ్ళ మధ్యలోంచి మంగాదేవి నడిచొచ్చింది. పైడమ్మ ఏడుపు వెంటనే ఆగలేదు. బ్రేకు వేసిన బస్సులా కొంత దూరం వెళ్ళి ఆగింది.

"నడుస్తున్నావేంటే?"

"నడవకేం అత్తయ్యా, సూదేగా."

"పన్నన్నావు కదే" అన్నాడు పెద్దింటయ్య.

"తేలాక చెబుదామనుకున్నానండి."

"తేలేదాకా ఒక్కదానివే మోద్దామనా?"

ఈలోగా పైడమ్మ కోడలి చెయ్యి పట్టుకుని మూలకి లాక్కెళ్ళింది.

"కొయ్యలేదా?"

"లేదత్తయ్యా."

"నొప్పి?"

"చీమ కుట్టినంత."

"తీసిన ముక్క ఎంతుంది?"

"సేమ్యా పుల్లంత."

పైడమ్మ అటూ ఇటూ చూసింది. "ఆ డాక్టరమ్మ ఇంకా ఉందా? నాకూ ఉందే గడ్డ. చాన్నాళ్ళయింది. కోసేస్తారని నోరెత్తలేదు." ఊరంతా వినబడేలా తప్ప మాట్లాడడం తెలియని మనిషి, ఆ ఒక్క మాటా గుసగుసగా చెప్పింది.

మంగాదేవి అత్తగారి భుజం చుట్టూ చెయ్యి వేసి లోపలికి నడిపించింది. స్కానింగు అదేరోజు, సూది మర్నాడు. ఈసారి తల తిప్పి తెర చూడాలని మంగాదేవికి అనిపించలేదు. పైడమ్మ మాత్రం చూసింది.

ఫలితాలు తర్వాతి వారం వచ్చాయి. కోడలిది మామూలు గడ్డ, అప్పుడప్పుడూ చూపించుకుంటే చాలన్నారు. అత్తగారిది కేన్సరు. "కానీ ఇంకా పక్కకు పాకలేదు. ఇంకొన్నాళ్ళు దాచుకుని ఉంటే కష్టమయ్యేది" అంది డాక్టరమ్మ. ఆపరేషన్ అయింది, మందులు ఎక్కించారు. పైడమ్మకు జుట్టు ఊడింది గానీ గొంతు తగ్గలేదు.

పళ్ళు పట్టుకుని చూడవచ్చిన ఆడవాళ్ళు ఎలా ఉన్నావని అడిగితే, "నా సంగతికేంలే, నువ్వెప్పుడైనా తడిమి చూసుకున్నావా?" అని వీధంతా వినబడేలా అడిగేది. దాంతో ఆ ఇంటికి పరామర్శకొచ్చే ఆడవాళ్ళు తగ్గారు, ఏలూరు బస్సులో పెరిగారు.