థర్మామీటరు ఎంచుకోవడంలో ఉన్న సుఖం

వంట చేయడం ఎవరికైనా వస్తుంది. వంటకు థర్మామీటరు ఎంచుకోవడం మాత్రం మహానుభావులకే చెల్లుతుంది!

నవ్వకండి. నేను చెప్పేది జ్వరం చూసే థర్మామీటరు గురించి కాదు. మాంసంలో గుచ్చగానే లోపల వేడి ఎంతో అంకెల్లో చూపించే సూది గురించి. కొండ మీది మా లెడ్‌విల్ ఊళ్లో అది లేని ఇల్లు లేదు, మా ఇల్లు తప్ప. మా ఆవిడ మార్లిస్ కోడి కాలు పట్టుకుని అటూ ఇటూ ఊపి "ఉడికింది" అంటుంది. ఇదేం పద్ధతండీ? శాస్త్రం ఇంత ఎదిగాక కూడా కోడితో కరచాలనం చేసి కుశలం అడుగుతామా?

అసలు సంగతి ఎంత తీవ్రమో ముందు చెప్పాలి. నవంబరులో వచ్చే థాంక్స్‌గివింగ్ పండగ విందు ఏటా మా ఇంట్లోనే. మా అత్తగారు వెర్నా, బావమరిది కర్టిస్, అతని భార్య నేడీన్ వస్తారు. తన నాయనమ్మ ఇచ్చిన బల్ల చుట్టూ తనవాళ్లందరూ కూర్చోవడమంటే మార్లిస్‌కు ప్రాణం. పోయిన ఏడాది టర్కీ కోడి ఎముక దగ్గర పచ్చిగా ఉండిపోయింది. మార్లిస్ వద్దు వద్దంటున్నా, కళ్లతో చూసే ఉడికిందని తేల్చి ఓవెన్‌లోంచి తీసిన నిపుణుణ్ణి నేనే. వెర్నా ఫోర్కు కింద పెట్టింది. "మళ్లీ ఏడు కూడా ఇలాగే ఉందంటే, ఆ పైన విందు కర్టిస్ ఇంట్లోనే" అంది.

కర్టిస్ ఇంట్లో అంటే ఏమిటో తెలుసా? కొట్లో వండి అమ్మే కోడి, పొట్లం చింపి వేడినీళ్లలో కలిపే గ్రేవీ! పక్కన నిలబడి కర్టిస్ ఇచ్చే సలహాలు పడలేక నేడీన్ పెద్ద వంటలు ఏనాడో మానేసింది. కొందరు మగవాళ్లకు ఎక్కడ ఆగాలో తెలియదు, ఏం చేస్తాం!

అందుకే మార్లిస్ పరువు నా భుజాన వేసుకున్నాను. సెప్టెంబరులోనే పరిశోధన మొదలుపెట్టాను.

ఎన్ని రకాలని చెప్పను? మడిచేవి, మడవనివి, ఫ్రిజ్‌కు అతుక్కునేవి, నీళ్లలో పడినా బతికేవి. ఎడమచేతివాళ్ల కోసం అంకెలు తిరగబడేది కూడా ఉంది. నాది కుడిచెయ్యే. అయితే మాత్రం? రేపు ఏమవుతుందో ఎవరికి తెలుసు! ఒకటి మూడు సెకన్లలో వేడి చెబుతుంది, ఇంకొకటి ఒక్క సెకనులో. మిగిలే రెండు సెకన్లను ఎలా వాడుకోవాలా అని ఒక సాయంత్రమంతా ఆలోచించాను.

ఊళ్లో కొట్టావిడ చేత తెప్పించిన ప్రతిదానికీ పరీక్ష పెట్టాను. కాఫీలో గుచ్చాను. సూప్‌లో గుచ్చాను. కుక్క తాగే నీళ్లలో గుచ్చాను, అది ఆ గిన్నెనే మానేసింది. మార్లిస్ చేసిన ఆపిల్ కూరిన పై రొట్టె మీద నేను పొడిచిన రంధ్రాలు చూసి పక్కింటాయన అదో కొత్త డిజైన్ అనుకున్నాడు.

అసలు పరీక్ష మాత్రం పుస్తకంలో చెప్పినదే. ఫారెన్‌హీట్ లెక్కన మంచునీళ్లలో ముప్ఫై రెండు చూపాలి, మరిగే నీళ్లలో రెండు వందల పన్నెండు చూపాలి. మంచునీళ్లలో అన్నీ బుద్ధిగా ముప్ఫై రెండే చూపాయి. మరిగే నీళ్లలో పెట్టగానే నూట తొంభై మూడు! ఒకటి కాదు, రెండు కాదు, అన్నీ అంతే! చల్లగా ఉన్నంతసేపూ నిజం, వేడి తగలగానే అబద్ధం. అలాంటి మనుషులను మనం ఓటేసి మరీ గెలిపిస్తాం గానీ, వంటింట్లో ఎలా ఉంచుకుంటాం?

"చూశావా, ఇదీ దొంగదే!" అని మార్లిస్‌కు చూపించాను.

"అయ్యో, అలాగా! తొందరేముంది, ఇంకోటి తెప్పించి చూడు" అంది, ఉల్లిపాయలు తరుగుతూ.

ఇంత సహకరించే భార్య ఎందరికి దొరుకుతుంది? అన్నిటికంటే గొప్ప లాభం ఇంట్లో శాంతి! నేను బల్ల దగ్గర పరీక్షలు చేసుకుంటుంటే ఆమె కూనిరాగాలు తీస్తూ వంట చేసుకునేది. విజ్ఞానశాస్త్రం ఇంట్లో అడుగుపెడితే ఇంత ఆనందం ఉంటుందని నాకు అప్పటిదాకా తెలియదు.

చివరికి కొట్టావిడ చేతులెత్తేసింది. "ఇంక వాపసు తీసుకోను బాబూ! నువ్వు ఇచ్చినవన్నీ కాఫీ వాసనొస్తున్నాయి, నేనెవరికి అమ్ముకోను?" అంది. గత్యంతరం లేక చేతిలో ఉన్నదే ఉంచుకున్నాను. అయినా నా దగ్గర లెక్క ఉంది కదా! సూది పంతొమ్మిది డిగ్రీలు తక్కువ చెబుతోంది. నేను పంతొమ్మిది కలుపుకుంటే సరి.

విందు రోజు వచ్చింది. కోడి ఉడకడానికి నూట అరవై అయిదు కావాలి. సూది నూట నలభై ఆరు చూపగానే "అయిపోయింది!" అని కోడిని బయటికి తీసేశాను. ముందు గదిలోకి వెళ్లి, కర్టిస్‌కు లోకంలోని థర్మామీటర్ల నైతిక పతనం గురించి వివరంగా చెప్పాను. కోయడానికి కత్తి పట్టుకుని తిరిగొచ్చేసరికి పళ్లెం ఖాళీ.

"కోడేదీ?"

"ఓవెన్‌లో ఉంది. నువ్వు అటు తిరగ్గానే మళ్లీ పెట్టేశా. ఇంకా పచ్చిదే" అంది మార్లిస్.

"నూట నలభై ఆరు చూపించింది! పంతొమ్మిది కలిపితే..."

"కలపక్కర్లేదు. అది నిజమే చెప్పింది. మన ఊరు పదివేల అడుగుల ఎత్తున ఉంది వెల్డన్! ఇక్కడ నీళ్లు నూట తొంభై మూడుకే మరుగుతాయి. బీన్స్ నేను కుక్కర్లో ఎందుకు పెడతాననుకున్నావ్?"

"నీకు కుక్కరంటే ఇష్టమనుకున్నా."

మార్లిస్ నవ్వలేదు. పాపం, నవ్వు ఆపుకోవడానికి చాలా కష్టపడింది.

"నీకిదంతా ముందే తెలుసా?"

"నేను ఇక్కడే పుట్టాగా."

"మరి సెప్టెంబరులోనే చెప్పొచ్చుగా!"

"చెబితే మొదటిదే ఉంచేసుకునేవాడివి. దాన్ని పట్టుకుని వంటింట్లోకి వచ్చేవాడివి. రెండు నెలలు నా ఓవెన్ తలుపు ఎవరూ తెరవలేదు వెల్డన్. ఎంత హాయిగా ఉందో నీకేం తెలుసు!"

మనసు చివుక్కుమంది. పాఠకులారా, నాకు ఒక్క అబద్ధమూ చెప్పని వస్తువులను ఒక్కొక్కటిగా దొంగవని ముద్రవేసి వెనక్కి పంపానన్నమాట! కొండ ఎక్కి కూర్చుని, కొండను మాత్రం లెక్కలో వేసుకోలేదు.

విందు ఆలస్యమైంది గానీ కోడి వెన్నలా ఉంది. వెర్నా రెండోసారి వడ్డించుకుంది. "వచ్చే ఏడూ ఇక్కడే. మీటరు కొని మంచి పని చేశావు వెల్డన్. మా పిల్ల ఎన్నేళ్లు కోడి కాళ్లు ఊపితే మాత్రం ఇలా కుదిరిందా?" అంది.

మార్లిస్ తల వంచుకుని గ్రేవీ గిన్నె సర్దింది. "మీటరు కాదండీ, మార్లిసే! నేను పచ్చిది తీసేస్తే తనే మళ్లీ లోపల పెట్టి, కాలు ఊపి చూసి తీసింది" అన్నాను గట్టిగా.

"పెళ్లాన్ని వెనకేసుకు రావడం చూడు, ముచ్చటగా ఉంది!" అని వెర్నా మురిసిపోయింది. కర్టిస్ జేబులోంచి ఫోను తీసి, "అదంతా సరే బావా, ఏ మోడలో చెప్పు" అన్నాడు.

నేడీన్ ఒక్కతే తినడం ఆపి నా వైపు చూసింది.

"ఎంచుకోవడానికి ఎన్నాళ్లు పట్టింది?"

"రెండు నెలలు."

"ఆ రెండు నెలలూ వంటింట్లో సలహాలేమైనా చెప్పావా?"

"తీరికేదీ!"

నేడీన్ మార్లిస్ వైపు ఒకసారి చూసింది. తర్వాత భర్త చేతిలోని ఫోను మెల్లగా తీసి బల్ల మీద బోర్లించింది. "మోడల్ అతన్నెందుకు అడుగుతావ్ కర్టిస్? అన్నీ తెప్పించి నువ్వే పరీక్ష చేసి చూడు. నీళ్లు మరిగించి మరీ చూడు" అంది.